గోరీ మీద సబ్జా

నా దగ్గరికొచ్చిన మనిషిని సలహా ఇవ్వకుండా ఉత్తచేతులతో పంపిన పాపం నేనెన్నడూ కట్టుకోలేదు. కొందరు అన్నదానం చేస్తారు, కొందరు చలివేంద్రాలు పెడతారు. నాకంత స్తోమత లేదు గనక సలహా ఇస్తాను. అడిగినవాడికి ఒకటి, అడగనివాడికి రెండు.

మాది కర్నూలు వైపు, నాపరాళ్ల గనుల మధ్య ఒక చిన్న ఊరు. పదో తరగతి లెక్కల్లో తప్పి, శాఖా గ్రంథాలయంలో అటెండరుగా చేరి, ముప్పై మూడేళ్లు పుస్తకాల దుమ్ము దులిపాను. దులిపే ముందు చదివేవాణ్ని. అట్లా నాకు నేనే పండితుణ్నయ్యాను. సర్టిఫికెట్ ఒక్కటే తక్కువ.

రిటైరైన ఏడాది ఒక పుస్తకం కూడా రాశాను. పేరు 'తోటపని: తొంభైతొమ్మిది లాభాలు'. ముప్పై రెండు పేజీలు. వంగి లేస్తుంటే కీళ్లు సడలుతాయి, పొద్దుటెండ తగిలితే ఎముకలకు బలం, మట్టిలో చెయ్యి పెడితే మనసు నెమ్మదిస్తుంది, బీపీ దిగుతుంది, కోపం తగ్గుతుంది, నిద్ర పడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం చివర్లో ప్రత్యేకంగా ఒక అధ్యాయం. అన్నీ నిజాలే. నాలుగు పుస్తకాలు ముందు పెట్టుకుని రాసినవి. నేను మాత్రం అప్పటిదాకా పెరట్లో తులసిచెట్టుకు చెంబెడు నీళ్లు పోసినవాణ్ని కాదు. ఆ పని మా ఆవిడ సుంకమ్మది.

పుస్తకం అచ్చయిన నెలకే నాకు నిద్ర పోయింది. బీపీ ఎక్కింది. పేపరు పట్టుకుంటే అక్షరాలు వణికేవి. అక్షరాలు కాదు, చేతులే అని సుంకమ్మ చెప్పింది. డాక్టరు మాత్రలు రాసి, "ఏదైనా తోటపని చెయ్యండి" అన్నాడు. నా పుస్తకం చదివినట్టున్నాడే అని సంతోషపడ్డాను. చదవలేదట.

తప్పు పరుపుదేమో అని కొత్త పరుపు కుట్టించాను. కుట్టింది దూదేకుల ఫకీరప్ప. మితభాషి. పరుపు ఇంటికి మోసుకొచ్చిన రోజు ఆయన వెంట పన్నెండేళ్ల కూతురు లాలమ్మ వచ్చింది. జడ నిండా దూది. పరుపు మంచం మీద పరవగానే ఎగిరి దాని మీద పడి, ఈ చివర నుంచి ఆ చివరకు దొర్లి, "మెత్తగా ఉందబ్బా" అని తీర్పిచ్చింది. ఫకీరప్ప నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. నేను ఆ పిల్లకు, దూది ముక్కులోకి పోతే వచ్చే నష్టాల గురించి నాలుగు మంచిమాటలు చెప్పి పంపించాను.

పరుపు మెత్తగానే ఉంది. నిద్ర రాలేదు.

అప్పుడు మౌలాలి తాత దగ్గరికి పోయాను.

ఊరి బయట కొట్టాల దర్గా, దాని వెనక గోరీలు, గోరీల మధ్య తాత పెంచిన పూలచెట్లు. గులాబీ, మల్లె, కనకాంబరం, దవనం. దర్గాకు పూలచాదర్లు కట్టేదీ ఆయనే, ఎవరైనా పోతే గుంత తవ్వేచోట గీత గీసి చూపించేదీ ఆయనే. ఎనభై దాటినా సూదిలో దారం తనే ఎక్కించుకునేవాడు. ఆయన దగ్గర కూర్చుంటే బరువు దిగుతుందని ఊళ్లో హిందువులూ తురకలూ అంతా చెప్పేవారు.

"ఏం కావాల?" అన్నాడు తాత.

"శాంతి కావాల తాతా."

"నిద్ర పడ్తాందా?"

"లేదు."

"ముందు అది అడుగు. శాంతి సంగతి ఆమైన చూద్దాం."

నా పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. "నాకు అచ్చరాలు రావు, నువ్వే చెప్పు" అన్నాడు. మొదలుపెట్టాను. పదిహేడో లాభం దగ్గరికి వచ్చేసరికి తాత గోడకు ఆనుకుని గుర్రు పెడుతున్నాడు. లేచాక కళ్లు తుడుచుకుని, "మంచి పుస్తకమే లైబ్రరీ. నిద్ర పట్టింది" అన్నాడు.

ఆ రోజు నుంచి నా పేరు లైబ్రరీ. నా పని, రెండు డబ్బాలతో బావి దగ్గర్నుంచి చెట్ల దాకా నీళ్లు మొయ్యడం.

ఆరు నెలలు మోశాను. కలుపు తీసే దోకుడుపార ముట్టుకోనియ్యలేదు, కొమ్మ కత్తిరించనియ్యలేదు. తొంభైతొమ్మిది లాభాలు రాసినవాణ్ని, నా వంతుకు ఒక్క లాభమైనా, భుజాలనొప్పి తప్ప, దక్కలేదు. ఒకరోజు అడిగేశాను.

"తాతా, మట్టిలో చెయ్యి పెట్టేదెప్పుడు?"

"నీళ్లు పోసేటప్పుడు దేన్ని చూస్తావు?"

"డబ్బాను."

"ఊఁ. మొయ్యి."

*

భాద్రపదం వానల్లో ఊళ్లో జ్వరాలొచ్చాయి. లాలమ్మకు అయిదు రోజులు కాసింది. ఆరో రోజు ఫకీరప్ప ఆ పిల్లను చేతుల మీద మోసుకుని దర్గా వెనక్కి వచ్చాడు. తాత గీత గీశాడు. చిన్న గీత.

నేను అక్కడే ఉన్నాను. దుఃఖాన్ని దిగమింగుకోవడం గురించి చెప్పడానికి నా దగ్గర అయిదారు అంశాలు సిద్ధంగా ఉన్నాయి. తాత నా చేతికి డబ్బాలిచ్చి బావి వైపు చూపించాడు.

పది రోజుల తర్వాత ఫకీరప్ప భార్య హుసేనమ్మ తాత గుడిసెకు వచ్చింది. గడప దగ్గరే కూలబడింది.

"తాతా, మనిషి కాకుండా పోతాండాడు. దూది ముట్టల్యా. ముద్ద దిగనియ్యల్యా. పొద్దున లేస్తానే గని కాడికి పోతాండాడు."

మా ఊరి గనుల్లో నాపరాయి తీసేసిన గుంతలున్నాయి. వానలకు నిండితే తాడిచెట్టు లోతు.

"పోయి ఏం చేస్తాండాడు?" అన్నాడు తాత.

"గట్టున కూచుంటాడు. నీళ్లల్లోకి చూస్తాడు. అంతే."

మర్నాడు తాత గని దగ్గరికి తనే నడిచిపోయాడు. నేను వెనకే పోయాను. ఫకీరప్ప గట్టున కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. తాత ఆయన పక్కన కూర్చోలేదు, ఓదార్చలేదు. జేబులోంచి చిటికెడు సబ్జా గింజలు తీసి ఆయన అరచేతిలో పోశాడు.

మా వైపు గోరీ మీద సబ్జా చల్లడం ఆనవాయితీ. అది మొలిచి పెరిగితే కింద ఉన్నవాళ్లకు చల్లగా ఉంటుందని.

"బిడ్డ మీద చల్లల్యా నువ్వు ఇంకా" అన్నాడు తాత. "నాకు ఒంగను చేతగాదు. దినామూ పొద్దున నీళ్లు పొయ్యాల. తప్పితే ఎండిపోతాది."

ఫకీరప్ప చాలాసేపు ఆ గింజల్ని చూశాడు. గాలికి పోకుండా పిడికిలి మూశాడు. తర్వాత కాళ్లు పైకి తీసుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి తెల్లవారేసరికి రాగిచెంబుతో వచ్చేవాడు. గోరీ పక్కన గొంతుకూర్చుని వేళ్ల సందుల్లోంచి చుక్కచుక్కగా నీళ్లు వదిలేవాడు. ఆరో రోజు మొలకలు కనిపించాయి. ఆ రోజు ఇంటికి పోయి సగం రొట్టె తిన్నాడని హుసేనమ్మ చెప్పింది. తొమ్మిదో రోజు కాసేపు నిద్రపోయాడట. గని వైపు పోవడం లేదట.

నేను ఆనందంతో ఉబ్బిపోయాను. నా పుస్తకంలోని ఇరవై ఆరో లాభం, నలభై ఒకటో లాభం, యాభై మూడో లాభం నా కళ్ల ముందే రుజువవుతున్నాయి. నోటుపుస్తకం పట్టుకుని ఆయన పక్కన చేరాను.

"ఫకీరప్పా, నిద్ర ఎన్ని గంటలు పడ్తాంది? ఆకలి? గుండెల్లో దడ తగ్గిందా? రెండో ముద్రణలో నీ పేరు వేస్తాలే."

తాత వచ్చి నా చేతిలోంచి నోటుపుస్తకం తీసుకున్నాడు. రాసిన పేజీ చింపి, పొట్లం కట్టి, అందులో దవనం గింజలు పోసుకుని వెళ్లిపోయాడు.

*

ఆ వారంలోనే తాత పక్క ఊరి ఉరుసుకు రెండు రోజులు పోవలసి వచ్చింది. బస్సెక్కే ముందు నాతో అన్నాడు.

"నీళ్లు మొయ్యి. కిందికి ఒంగద్దు."

"ఒంగితే ఏమయితాది తాతా?"

"ఒంగితే చెయ్యి ఊరుకోదు."

మొదటి రోజు వంగలేదు. రెండో రోజు సాయంత్రం తోటలో ఎవరూ లేరు. వాన వెలిసి మట్టి గుల్లగా ఉంది. డబ్బాలు దించి లాలమ్మ గోరీ దగ్గర నిలబడ్డాను. ఫకీరప్ప మొలకల మధ్య కలుపు లేచింది. పాపం, ఆయన దుఃఖంలో ఉన్నాడు, కలుపు తీసే ఓపిక ఎక్కడిది అనుకున్నాను. పొద్దున వచ్చి చూసేసరికి గోరీ శుభ్రంగా ఉంటే ఎంత సంతోషపడతాడు అనుకున్నాను. ఇంకొకటి కూడా అనుకున్నాను. నాకూ నిద్ర కావాలి.

వంగాను.

గోరీ మీద రెండు రకాల మొలకలు కలిసి ఉన్నాయి. ఒకటి కండగా, కాడ ఎర్రగా, ఆకు గుండ్రంగా, ఆరోగ్యానికి ప్రకటనలాగా ఉంది. ఇంకొకటి సన్నగా, పాలిపోయి, ఊదితే పడిపోయేట్టుంది. రెండాకులు, మధ్యలో చిగురు. నా పుస్తకం చివరి అధ్యాయంలో 'బలహీనంగా ఉన్నవాటిని తీసేయండి' అని స్పష్టంగా రాశాను. నా మాట నేను వినకపోతే ఎవరు వింటారు?

ఒక్కొక్కటే పీకాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, హాయిగా ఉంది. మోకాళ్లు నొప్పెట్టాయి గానీ తర్వాత సడలాయి. వేళ్లు తడిమట్టిలోకి దిగుతుంటే చేతుల వణుకు ఆగింది. పొద్దు గూకేదాకా నా గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించుకోలేదు. పీకినవన్నీ గుప్పిట్లో పట్టుకుపోయి గోడవార చెత్తకుప్పలో వేశాను.

ఇంటికి పోయి గోళ్లలో మట్టి సుంకమ్మకు చూపించాను.

"కడుక్కో పో, అన్నంలోకొస్తాది" అంది.

"నలభై ఏండ్లు నీ గోళ్లల్లో ఉంటే నేనేమన్నా అన్నానా?"

"నువ్వెప్పుడు చూసినావు గనక అనేకి?"

కుడిచెయ్యి కడుక్కుని అన్నం తిన్నాను. ఎడమచేతి మట్టి మాత్రం అట్లాగే ఉంచుకున్నాను. తాతకు చూపిద్దామని.

ఆ రాత్రి నిద్ర పట్టింది. ఫకీరప్ప కుట్టిన పరుపు మీద, లాలమ్మ దొర్లిన పరుపు మీద, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి, కల కూడా లేకుండా.

*

పొద్దున నేను పోయేసరికి తాత మొదటి బస్సుకే దిగి గోరీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఒంగను చేతగాదన్న మనిషి నేల మీద కూర్చున్నాడు. కండగల మొక్కది ఒక ఆకు గిల్లి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కింద పడేశాడు.

నా వైపు చెయ్యి చాచాడు. ఆశీర్వాదమేమో అనుకుని కుడిచెయ్యి ఇచ్చాను. తల అడ్డంగా ఊపి ఎడమచెయ్యి పట్టుకున్నాడు. నా వేళ్లను నా ముక్కు దగ్గరికి తెచ్చి పెట్టాడు.

దర్గా పూలచాదర్లో గులాబీల మధ్య కట్టే సబ్జా ఆకు వాసన. గోళ్లలోంచి. సన్నగా, ఘాటుగా.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"తాతా, నేను మంచికే..."

"ఎన్ని?"

"లెక్క చూసుకోలేదు."

"ఆయప్ప చూసుకున్నాడు" అన్నాడు తాత. "దినామూ."

తెల్లవారుతోంది. ఫకీరప్ప వచ్చే వేళ. నా బుర్ర, ఎంతైనా ముప్పై మూడేళ్లు పుస్తకాల మధ్య నలిగినది, పరుగెత్తింది.

"తాతా, నీ గుడిసె ముందర డబ్బాలో సబ్జా ఉంది గదా. గబగబా తెచ్చి నాటేద్దాం. ఆయన పోల్చుకోలేడు."

"తెచ్చి నాటు" అన్నాడు తాత. "'ఇవి నీ చేతి నీళ్లకు లేచినవే' అని ఆయప్పతో నువ్వే చెప్పు."

నేను కదలలేదు. తాత లేచిపోయి మల్లెపాదు అవతల కూర్చున్నాడు. నేనూ గోరీ మిగిలాం.

ఫకీరప్ప రాగిచెంబు నీళ్లు తొణక్కుండా పట్టుకుని వచ్చాడు. నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. కళ్లు గోరీ మీద ఈ చివర నుంచి ఆ చివరకు పోయి వచ్చాయి.

నేను నోరు తెరిచాను. ఏం బయటికొచ్చిందో చెప్పడానికి ఈ రోజుకీ సిగ్గే.

"ఫకీరప్పా, తోటపనిలో కొత్తవాళ్లు చేసే పొరపాట్లలో మొట్టమొదటిది ఏందంటే..."

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"నేనే పీకినా" అన్నాను.

తిట్టలేదు. కొట్టలేదు. కొడితే బాగుండేది.

"యాడేసినావు?" అన్నాడు.

చెత్తకుప్ప చూపించాను. ఆయన దాని ముందు కూర్చుని వాడిపోయిన పీచుల్లాంటి వాటిని ఒక్కొక్కటే ఏరాడు. వేరుకున్న మట్టి ఊడిపోకుండా తువ్వాలు మీద పేర్చాడు. చివరికి తల ఎత్తకుండానే అన్నాడు:

"ముప్పై నాలుగు. ఒకటి తక్కువుంది."

నేను మోకాళ్ల మీద పడి చెత్తంతా వెతికాను. ఎండుటాకులు, తెగిన దారాలు, వాడిన చాదర్ల పూలు. దొరకలేదు. లేచి నిలబడినప్పుడు ఫకీరప్ప నా పాదాల వైపు చూస్తున్నాడు. చెప్పు విప్పి తిరగేశాను. అడుగున అంటుకుని ఉంది.

దాన్ని గోటితో ఒలిచి తీసుకున్నాడు. తువ్వాలు మూటగట్టాడు. నీళ్లు పొయ్యలేదు. నిండుచెంబు గోరీ తలవైపు పెట్టేసి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రోజు హుసేనమ్మ వచ్చింది. ఈసారి తాత దగ్గరికి కాదు, నా దగ్గరికి.

"గోడ పక్కకి తిరిగి పండుకున్నాడు. పిలిస్తే పలకడు. నోట్లో నీళ్లు పోస్తే పక్కకి కారిపోతాండాయి. ఆ మూట తలకింద పెట్టుకున్నాడు." నా కళ్లల్లోకి చూసింది. "ఓబులేసప్పా, మేము నీకేం చేసినాం?"

నా దగ్గర సలహా లేదు. జీవితంలో మొదటిసారి ఒక మనిషిని ఉత్తచేతులతో పంపించాను.

*

"తాతా, నేనేం చెయ్యాల?"

తాత లేచి గోరీ దగ్గరికి నడిచాడు. అక్కడే ఉండిపోయిన రాగిచెంబు తీసి నా చేతిలో పెట్టాడు.

"పొయ్యి."

"దేనికి? అక్కడ ఉండేది కలుపు గదా."

"పొయ్యి."

పోశాను. రోజూ తెల్లవారేసరికి పోయి, వేళ్ల సందుల్లోంచి చుక్కచుక్కగా, ఆయన పోసినట్టే. కండగల మొక్కలు ఇంకా కండపట్టి పాకాయి. వాటిని ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. దర్గా ముందు పూలమ్మే గంగులమ్మ రోజూ చూసి రోజూ అనేది:

"ఏం లైబ్రరప్పా, కలుపు సాగు చేస్తాండావా? ఈ ఏడు దిగుబడి ఎట్లుంటాది?"

నిద్ర మళ్లీ పోయింది. రెండు చేతులూ ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ వాసన వస్తున్నట్టే ఉండేది. సుంకమ్మ వాసన చూసి ఏమీ లేదనేది.

తొమ్మిదో రోజు పొద్దున, నేను పీకినప్పుడు గుల్లబారిన మట్టిలో, కండగల మొక్కల సందుల్లో, చిన్న మొలకలు కనిపించాయి. రెండేసి ఆకులు. గుండుసూది తలంత.

మొదటిసారి మొలవకుండా ఆగిన గింజలు ఇప్పుడు లేచాయా? లేక ఇవీ కలుపేనా? నేలకు ముఖం ఆనించి చూశాను. నా తొంభైతొమ్మిది లాభాల్లో ఏ ఒక్కటీ నాకు ఆ సంగతి చెప్పలేదు.

తాత దగ్గరికి పరుగెత్తాను.

"తాతా, మొలకలొచ్చినాయి. ఏవి ఏవో వచ్చి చెప్పు."

"నాకు చూపు ఆనదు లైబ్రరీ" అన్నాడు తాత. అంటూనే సూది వెలుతురుకు ఎత్తి, ఒక్కసారికే దారం ఎక్కించాడు.

"మరి ఎవర్ని అడగాల?"

తాత పూలు గుచ్చుకుంటున్నాడు.

ఫకీరప్ప ఇంటికి పోయాను. వాకిట్లో దూదియంత్రం మీద గోనెపట్టా కప్పి ఉంది. లోపల మనిషి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వీపులో ఎముకలు లెక్కకొస్తున్నాయి. పరుపులు కుట్టే మనిషి చాప మీద ఉన్నాడు. హుసేనమ్మ నన్ను చూసి లేవలేదు, కూర్చోమనలేదు.

"ఫకీరప్పా, మొలకలొచ్చినాయి" అన్నాను. "అవేందో నాకు తెల్దు."

వీపు కదలలేదు.

"సబ్జా కావచ్చు. కలుపు కావచ్చు. నాకు తెల్దప్పా."

ఆయన తల దగ్గర పెట్టిన నీళ్లచెంబు అంచు మీద ఈగ ఒకటి తిరుగుతోంది.

"ఎండెక్కుతాంది. నీళ్లు పొయ్యాల్నో, నీడ కట్టాల్నో... నాకేం తెల్దు."

ఆ మాట ఒక్క పూటలో మూడుసార్లు అన్నది నా జన్మలో అదే. నిలబడ్డాను. ఇంక చెప్పడానికేమీ లేదు, అయినా నిలబడ్డాను.

చాలాసేపటికి గోడ వైపు నుంచి వినిపించింది.

"ముట్టుకున్నావా?"

"లేదు."

"ముట్టుకోవాకు."

ఆయన ఒక చెయ్యి నేలకు ఆనించి లేచాడు. తూలాడు. నేను భుజం ఇవ్వబోయాను. ఆయన పెళ్లాం భుజం పట్టుకున్నాడు.

గోరీ దగ్గర ఆయన నేల మీద బోర్లా పడుకున్నంత పని చేశాడు. వేలు తాకించకుండా ఒక్కో మొలక మీదా ఆపి చెప్పాడు.

"ఇది గాదు. ఇది గాదు. ఇది గాదు."

పదకొండు కాదన్నాడు. పన్నెండో దాని దగ్గర వేలు ఆగింది. చిగురును చిటికెనవేలితో మెల్లగా తాకి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయన వీపు పైకీ కిందికీ కదులుతుంటే హుసేనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత వెనక్కి చెయ్యి చాచాడు. రాగిచెంబు ఇచ్చాను. చుక్కచుక్కగా వదిలాడు. ఒక్క మొలకకే చాలాసేపు వదిలాడు.

చెంబు ఖాళీ అయ్యాక, నా వైపు తిరక్కుండానే అన్నాడు:

"ఓబులేసప్పా, నువ్వు నా బిడ్డ కాడికి రావాకు."

గోరీ చుట్టూ పాతిన నాపరాళ్ల అవతలికి జరిగాను. ఇంకా వెనక్కి జరిగాను. తాత దగ్గరికి పోయి నిలబడ్డాను.

"నేనింక రావద్దా తాతా?"

తాత పంటితో దారం తెంపాడు.

"చెట్లు బావి కాడికి నడిచి పోలేవు గదా" అన్నాడు.

డబ్బాలు తీసుకున్నాను.

*

ఇది జరిగి నాలుగేళ్లయింది. ఫకీరప్ప మళ్లీ పరుపులు కుడుతున్నాడు, మునుపట్లో సగం. రోజూ పొద్దున దర్గా వెనక్కి వస్తాడు. నేను నాపరాళ్ల ఇవతల నీళ్లడబ్బా దించి పక్కకు పోతాను. ఆయన వచ్చి తీసుకుంటాడు. ఆ రోజు తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాలని నేను అడగలేదు.

ఆ ఒక్క మొక్క పెరిగి, గింజ రాల్చి, గోరీ అంతా అల్లుకుంది. నాకు నిద్ర కొన్ని రోజులు పడుతుంది, కొన్ని రోజులు పట్టదు. అచ్చువేసే ఆయన రెండో ముద్రణ ఎప్పుడని అడిగాడు. చివరి అధ్యాయం తిరిగి రాయాలని కూర్చున్నాను. కొత్తవాళ్లకు చెప్పవలసింది ఒక్క వాక్యం కూడా రాలేదు.

మౌలాలి తాత పోయి రెండేళ్లు. ఆయనకు గీత గీసింది ఫకీరప్ప. సబ్జా చల్లిందీ ఫకీరప్పే. నీళ్లు మోస్తున్నది నేను.

మొన్న వానలకు తాత గోరీ మీద మళ్లీ మొలకలు లేచాయి. ఫకీరప్ప వచ్చేదాకా చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాను. రెండాకుల మీద ఉన్నప్పుడు ఏది సబ్జానో, ఏది కలుపో నాకింకా తెలియదు.